విజయపురి ఇక్ష్వాకు రాజస్త్రీలు

పల్నాడులో మాచర్లకు చేరువన, కృష్ణ ఒడ్డున ఉన్న విజయపురి (నాగార్జునకొండ లోయ) ఇక్ష్వాకుల రాజధాని. అక్కడి స్తూప, విహారాలలో ముఖ్యమైనవి కట్టించినవారు ఆ వంశపు ఆడపడుచులు, కోడళ్లు. ఈ కాలాన్ని చాలామంది క్రీ.శ. 3వ శతాబ్దిగా తీసుకుంటారు. రాజుల వరుస సంవత్సరాల మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు.

వీరిలో ప్రముఖురాలు చాంతిసిరి. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలునికి తోబుట్టువు, పూకీయ కులానికి చెందిన మహాతలవర (ఉన్నతాధికారి) ఖందసిరి భార్య. చాంతమూలుని కొడుకు, తర్వాతి రాజు అయిన వీరపురుషదత్తుని 6వ పాలనా వత్సరంలో, అక్కడి ప్రధాన స్తూపమైన మహాచైత్యానికి ఆయక స్తంభాలు (స్తూపం నాలుగు దిక్కుల వేదికలపై ఉండే స్తంభాలు) నిలిపింది. దాన్ని ఆమే మొదట కట్టించిందా, పాతదాన్ని పునరుద్ధరించి పూర్తి చేయించిందా అన్నది వివాదాస్పదం. 18వ ఏటి శాసనంలో వీరపురుషదత్తుణ్ణి ఆమె 'జామాతుక' అంటుంది. దీనికి మేనల్లుడని కొందరు, అల్లుడని కొందరు అర్థం చెప్పారు. 6వ ఏటి శాసనాల్లో ఈ మాట లేదు. పైగా ఆమె సోదరి హమ్మసిరి కూతుళ్లు బాపిసిరినిక, ఛఠిసిరినిక ఆ రాజుకే భార్యలు. మేనరికం ఇంటి ఆచారమైనచోట 'అల్లుడు' అన్న అర్థమే సహజం.

మహాచైత్యానికి దానమిచ్చినవారిలో ఉజ్జయిని రాజకుమార్తె రుద్రధర భట్టారిక, ధనక కులం కోడలైన అడవి చాంతిసిరి ఉన్నారు. వీరపురుషదత్తుని భార్య భటిదేవ బహుశ్రుతీయ బౌద్ధ శాఖ ఆచార్యులకు, కూతురు, వనవాస మహారాణి కొడబలిసిరి మహీశాసక శాఖవారికి విహారాలు కట్టించారు. రాచకుటుంబేతర ఉపాసిక బోధిసిరి కూడా సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం నిర్మించింది.

పురుషులు వైదికులు, స్త్రీలు బౌద్ధులు అన్న విభజన పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. శాసనాలు చదివితే అంత కచ్చితమైన గీత కనిపించదు. అగ్నిహోత్రం, అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసినవాడని చాంతమూలుణ్ణి కీర్తించిన మాటలు బుద్ధుని స్తూపం స్తంభాల మీదే, ఈ స్త్రీల దానశాసనాలలోనే ఉన్నాయి. సోదరుని యజ్ఞాలను చెప్పుకోవడానికి చాంతిసిరికి ఏ అడ్డూ తోచలేదు.

విజయపురి శిథిలాలు 1926లో వెలుగులోకి వచ్చాయి. పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ 1927-31 మధ్య తవ్వకాలు జరిపారు. శాసనాలను పండితుడు వోగెల్ ప్రచురించారు. నాగార్జునసాగర్ జలాశయ ముంపుకు ముందు, 1954-60లో, లోయను విస్తృతంగా తవ్వారు. మహాచైత్యంతో సహా కొన్ని కట్టడాలను కొండపైకి తరలించి పునర్నిర్మించారు.