బొగ్గుట్ట నుంచి కొత్తగూడెం దాకా: ఏకపరిశ్రమ పట్టణాల చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తెలంగాణలోని పాత పట్టణాలు చాలావరకు కోటలనో, దేవాలయాలనో, సంతలనో ఆశ్రయించి పెరిగినవి. ఇల్లందు, కొత్తగూడెం ఆ కోవకు చెందవు. వీటి పుట్టుకకు భూగర్భంలోని ఒకే ఒక్క ఖనిజం కారణం. ఇటువంటి పట్టణాలు ప్రపంచంలో మరికొన్ని ఉన్నాయి. రష్యాలోని తాతార్‌స్థాన్‌లో 1948లో రొమాష్కినో చమురుక్షేత్రం బయటపడగా, అల్మెత్యెవ్‌స్క్ అనే గ్రామం 1953 నాటికి నగర హోదా పొందింది. అక్కడ చమురు తీసినట్లే ఇక్కడ బొగ్గు తవ్వారు. ఖనిజంతో పుట్టిన పట్టణాన్ని ఆ ఖనిజం తరిగిపోయాక ఏది నిలబెడుతుందన్నది ఈ వ్యాసంలో ప్రధాన ప్రశ్న.

2. బొగ్గు ఆవిష్కరణ

భద్రాచల యాత్రికులు అడవిలో పొయ్యి వెలిగించగా, పొయ్యికి పెట్టిన నల్లరాళ్లే అంటుకున్నాయని ఈ ప్రాంతంలో ఒక కథ ప్రచారంలో ఉంది. శాస్త్రీయంగా బొగ్గు నిక్షేపాలను గుర్తించినవాడు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్. అది 1871లో జరిగింది. అయితే బొగ్గు ఉందని తెలిసినంతమాత్రాన పట్టణం పుట్టలేదు. అందుకు పెట్టుబడి, రైలుమార్గం కావలసివచ్చాయి.

1886లో నిజాం ప్రభుత్వం 99 ఏళ్లకు ఇచ్చిన గనుల హక్కుతో లండన్‌లో హైదరాబాద్ (డెక్కన్) కంపెనీ ఏర్పడింది. ఈ ఒప్పందంలో, వాటాల విక్రయంలో జరిగిన అక్రమాలు పెద్ద వివాదమయ్యాయి. నిజాం ప్రభుత్వ ఉన్నతోద్యోగి అబ్దుల్ హక్ పాత్ర చర్చకు వచ్చింది. 1888లో బ్రిటిష్ కామన్స్ సభ విచారణ సంఘాన్ని నియమించింది. ఇల్లందు అడవిలో తవ్వకాలు 1889లో మొదలయ్యాయి. అంటే తొలి గని తెరుచుకోకముందే దాని వాటాలు లండన్‌లో చేతులు మారాయి. ఈ పట్టణాల భవితవ్యం వెలుపలి నిర్ణయాలపై ఆధారపడటం అప్పటినుంచే మొదలైంది.

3. యాజమాన్యంలో మార్పులు

1920లో దాని స్థానంలో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో హైదరాబాద్ రాజ్యం అధిక వాటాలను కొనుగోలు చేసింది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ అధీనంలోకి వచ్చింది. నేడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. యజమానులు మారినా పట్టణవాసి దైనందిన జీవితం మారలేదు. క్వార్టర్, నీరు, కరెంటు, ఆసుపత్రి, బడి, జీతం అన్నీ కంపెనీ నుంచే వచ్చేవి. దినచర్యను షిఫ్టు సైరన్ నిర్ణయించేది. అనేక ఇళ్లు కంపెనీ అధీనంలోని భూమిపై వెలసినందున తరాలు గడిచినా పట్టా లేని కుటుంబాలు మిగిలిపోయాయి. గనులు రాకముందు ఈ అడవి కోయల నివాసభూమి. కంపెనీ చరిత్రలో వారి ప్రస్తావన అరుదు.

4. స్థలనామాల సాక్ష్యం

స్థలనామాలు ఈ చరిత్రకు బలమైన ఆధారాలు. ఇల్లందుకు జనవ్యవహారంలో 'బొగ్గుట్ట' అనే పేరుంది. కొత్తగూడెంలో 3 ఇంక్లైన్, గోదావరిఖని వైపు 8 ఇంక్లైన్ కాలనీ వంటి నివాసప్రాంతాలకు గని సంఖ్యే ఊరిపేరయింది. కొత్తగూడెం రైల్వేస్టేషన్‌ను మాత్రం నేటికీ భద్రాచలం రోడ్ అనే అంటారు. అన్నిటికన్నా విశేషమైనది 'సింగరేణి' అనే పేరు. ఒక చిన్న గ్రామం పేరు గోదావరి లోయ అంతటా విస్తరించిన సంస్థకు పేరయింది. నేడు ఆ గ్రామం ఖమ్మం జిల్లాలో ఉంటే, తొలి గనుల ఇల్లందు, ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెం 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నాయి.

5. రెండు పట్టణాలు, రెండు గతులు

1920ల చివర బెల్లంపల్లి వైపు, 1930లలో కొత్తగూడెంలో, 1960ల ఆరంభంలో రామగుండంలో తవ్వకాలు సాగాయి. కార్యకలాపాల కేంద్రం ఇల్లందు నుంచి కొత్తగూడెంకు మారింది. పాల్వంచ థర్మల్ విద్యుత్కేంద్రం, 1978లో స్కూల్ ఆఫ్ మైన్స్, చివరకు జిల్లా కేంద్రం హోదా కొత్తగూడెం పరిసరాలకే దక్కాయి. ఇల్లందులో భూగర్భ గనులు క్రమంగా మూతపడి, ఉత్పత్తికి ఉపరితల గనులే ఆధారమయ్యాయి.

ఉపరితల గనికి యంత్రాలు ఎక్కువ, మనుషులు తక్కువ. 1990ల తొలినాళ్లలో లక్షకు పైబడిన సంస్థ ఉద్యోగుల సంఖ్య ఇటీవల 40 వేల సమీపానికి దిగింది. టన్నులు పెరిగినా జీతాలందుకునే కుటుంబాలు తగ్గాయి. బజారు, బడి, కిరాయి ఇల్లు ఆధారపడేది టన్నులపై కాదు, జీతాలపై. వారసత్వ ఉద్యోగాల కోసం సాగిన ఆందోళనలను ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి.

అల్మెత్యెవ్‌స్క్ అనుభవం ఇక్కడ పోల్చదగినది. తాతార్‌స్థాన్ చమురు ఉత్పత్తి 1970లలో శిఖరాన్ని చేరి తరువాత తగ్గింది. అయినా తాత్‌నెఫ్త్ సంస్థ ప్రధాన కార్యాలయం అక్కడే ఉండటంతో నగరం నిలిచింది. కొత్తగూడెం స్థితి దానికి దగ్గర, ఇల్లందు స్థితి దానికి దూరం.

6. ముగింపు

పై పరిశీలన వల్ల ఏకపరిశ్రమ పట్టణాన్ని పుట్టించేది ఖనిజమే అయినా, నిలబెట్టేది కార్యస్థానమని, అంటే కార్యాలయాలు, విద్యాసంస్థలు, స్థిరమైన జీతాలు అని స్పష్టమవుతుంది. ఇల్లందు బొగ్గునిచ్చింది, ఆ బొగ్గు సమకూర్చిన సంస్థలు మాత్రం వేరేచోట స్థిరపడ్డాయి. సింగరేణి చరిత్ర ఇప్పటివరకు ఎక్కువగా కంపెనీ చరిత్రగానే, టన్నుల లెక్కగానే నమోదైంది. మూతపడిన గనుల పక్కన మిగిలిన ఊళ్లను, పట్టాలేని ఇళ్లను, సంఖ్యలుగా మారిన బస్తీలను కేంద్రంగా తీసుకుని పట్టణ చరిత్రగా దాన్ని తిరిగి రాయవలసి ఉంది. ఆనాటి కార్మికతరం జ్ఞాపకాలు చెదిరిపోకముందే ఈ పని జరగాలి.