ఎలియట్ దొర: రాళ్లును చెట్లును

ప్రకృతిశాస్త్రజ్ఞులు నివసించిన యిండ్లను ప్రదర్శనశాలలుగా కాపాడుకొనుట పశ్చిమదేశములందు మర్యాద. స్వీడనులో లిన్నేయసు ఇల్లును, ఇంగ్లండులో డార్విను ఇల్లును అట్లే నిలిచియున్నవి. మన పలనాటిసీమలో నట్టి పురుషుని స్మరించుటకు మే మెన్నుకొన్న చోటు అమరావతిలోని పురావస్తు ప్రదర్శనశాల. అది రాళ్లకొఱకు కట్టినది గదా, అచ్చట చెట్ల ప్రసంగ మేల యని చదువరు లడుగవచ్చును. కారణము సర్ వాల్టర్ ఎలియట్.

ఇతఁడు 1803లో ఎడింబరోలో పుట్టి, కుంపిణీ కొలువున మన దేశమునకు వచ్చెను. జంతువులన్నను మొక్కలన్నను మిక్కిలి యాసక్తి గలవాఁడు. ఉడుతను బోలిన యొక చెట్టుజంతువునకు శాస్త్రజ్ఞు లీతని పేరే పెట్టిరి. 1845లో గుంటూరుసీమ స్థితిగతులు విచారింప నియుక్తుఁడై వచ్చి, ఆ యేఁటనే అమరావతి దిబ్బను త్రవ్వించెను. పలనాటి సున్నపురాతిపై చెక్కిన పలకలు బయల్పడెను. వానిని చెన్నపట్టణము చేర్చిరి. అచ్చట నవి యేండ్లతరబడి యెండకు వానకు నోర్చి పడియుండి, 1859లో ఓడ యెక్కెను. లండనులోను వెంటనే యాదరము దొరకలేదు. 1867లో ఫెర్గూసన్ పండితుఁడు చూచునప్పటికి ఒక బండ్లసాలలో నుండెను. నేఁడు నూటికి పైగా పలకలు బ్రిటిష్ మ్యూజియములో నద్దముల వెనుక నున్నవి. ఈ బాధ మా కున్నది, దానిని దాఁచము.

అయినను, రాళ్లు ఓడ యెక్కిన యా 1859లోనే ఎలియట్ ‘ఫ్లోరా ఆంధ్రికా’ యను పుస్తకమును చెన్నపట్టణమునఁ బ్రకటించెను. ఉత్తరసర్కారుల తెలుగుజిల్లాలలో సాధారణముగాఁ గానవచ్చు మొక్కల తెలుగు పేర్లను శాస్త్రనామములతోఁ గూర్చిన పట్టిక యది. కడపటి యేండ్లలోఁ జూపు పోయినను, 1885లో దక్షిణదేశపు నాణెములపై గ్రంథము వెలువరించి, 1887లో మరణించెను.

ఒక యాదివారము నరసరావుపేటనుండి కొందఱు విద్యార్థులతో అమరావతికిఁ బోయితిమి. పలకలపైని బోధివృక్షమును జూచి పిల్లలు రావి యని తక్షణమే చెప్పిరి. పద్మములను, పడగ విప్పిన నాగములను గుర్తించిరి. వెలుపల దడియొద్ద మొలచిన మొక్కను మాత్ర మెవ్వరును జెప్పలేకపోయిరి. మేమును వంగి చూచి యేదో పిచ్చిమొక్క యంటిమి. మేకలను దోలుకొనిపోవుచున్న యొక ముసలమ్మ నిలిచి, “ఉత్తరేణి కాదూ, అయ్యవారూ! దీని పుల్లతో పళ్లు తోముకోరూ?” అని నవ్వెను.

వినాయకచవితినాఁడు అపామార్గపత్ర మని యేఁటేఁట సంస్కృతమునఁ జెప్పి పూజించుచున్నాము. ఆకిరాంథిస్ ఆస్పెరా యని శాస్త్రగ్రంథములందుఁ జదివితిమి. పేరు రెండు భాషలలో వచ్చును. ఆకు కంటి యెదుట నుండఁగాఁ దెలియలేదు. పిల్లల యెదుట నిట్లగుట కొంత సిగ్గే.

బస్సు వచ్చువఱకు పిల్ల లామె వెంటఁ దిరిగి పల్లేరు, తంగేడు, వావిలి, కుక్కవామింట యని పుస్తకములలో వ్రాసికొనిరి. మొత్తము పదునొకండు పేర్లు. అందు రెంటికి సంస్కృత మేమో మా కింకను దొరకలేదు.