కత్తి వీరుడూ, రాక్షసి గొంతూ

జపాను వాళ్ళకి సమురాయ్ సినిమాలు ఎలాగో మనకి కత్తి సినిమాలు అలాగ. ముసాషి అనే కత్తి వీరుడి కథని ఇనగాకి అనే దర్శకుడు 1954 నుంచి 1956 దాకా మూడు సినిమాలుగా తీశాడు. వీరుడి వేషం తొషిరో మిఫునేది. మొదటి భాగానికి ఆస్కారు వాళ్ళ గౌరవ బహుమతి కూడా వచ్చింది. కత్తి తిప్పడం చూడముచ్చటగానే ఉంటుంది గాని, నా కళ్ళు మాత్రం ఓట్సు అనే పిల్ల వెనకాలే పోయాయి. పాపం, ఆ పిల్లకి ముఖ్యమైన పని ఎదురు చూడడం! వంతెన దగ్గర ఏళ్ళ తరబడి కాచుకుని కూచుంటుంది. మహానుభావుడేమో విద్యలో పరిపూర్ణత కోసం దేశాలు పట్టుకు తిరుగుతుంటాడు.

మన కత్తి కథల్లో ఆడవాళ్ళు అంత ఓపిగ్గా కూచోలేదండీ. 1949లో వచ్చిన 'కీలుగుర్రం' చూడండి. రాక్షసి అందగత్తెగా మారి అంతఃపురంలో దూరుతుంది. ఆ మాయలో పడ్డ మహారాజు పెద్దరాణిని అడవిపాలు చేస్తాడు. అడవిలో పెరిగిన కొడుకే అక్కినేని. అతను గుర్రమెక్కి ఎగిరినా, కత్తి దూసినా తల్లి కోసమే. మా గణపవరంలో అమ్మమ్మలు ఈ కథ చెప్పేటప్పుడు ముందు రాక్షసి వచ్చేది, నాగేశ్వర్రావు తరవాతెప్పుడో వచ్చేవాడు. సవతిపోరు తెలిసిన తరం మరి!

ఆ రాక్షసి అంజలీదేవి. ఆమె పాటకి గొంతు మాత్రం సి. కృష్ణవేణిది. సినిమా తీసినాయన నూజివీడు దగ్గర మీర్జాపురం జమీందారు, కృష్ణవేణి భర్త. రాజావారు దర్శకుడు, రాణీగారు తెర వెనక రాక్షసి! ఆవిడేమీ ఊరికే సరదాకి పాడిన మనిషి కాదు. పంగిడిలో పుట్టి, 1936లో 'సతీ అనసూయ'లో చిన్నపిల్లగా వేషం కట్టి, కథానాయికగా ఎదిగింది. అంత పేరున్న నటి ఇంకో నటికి గొంతు అరువివ్వడం ఎంతమందికి మనసొప్పుతుంది?

ఆ ఏడే ఆవిడ 'మనదేశం' నిర్మించింది. పాతికేళ్ళైనా నిండలేదు. దర్శకుడు ఏలూరు దగ్గర సోమవరప్పాడు ఎల్.వి. ప్రసాద్. పోలీసు ఇన్‌స్పెక్టరు వేషానికి తెచ్చిన కొత్త కుర్రాడు ఎన్.టి. రామారావు. రెండేళ్ళకి, 1951లో, ఆ కుర్రాడే 'పాతాళ భైరవి'లో తోటరాముడయ్యాడు. అతన్ని బలివ్వాలని చూసిన నేపాళ మాంత్రికుడు నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావు. మామిడిపళ్ళ ఊరు మాంత్రికుణ్ణీ ఇచ్చింది! ఆ తరవాత విఠలాచార్య, కాంతారావు వచ్చి కత్తుల మోత మోగించారు. ఆ కథ వేరే చెప్పుకోవాలి.

కృష్ణవేణి నూరేళ్ళు నిండి, 2025 ఫిబ్రవరి 16న వెళ్ళిపోయింది. రామారావుని పరిచయం చేసిన నిర్మాత అనే ఎక్కువగా తలుచుకున్నారు. నిజమే, కాదనను. కాని 'కీలుగుర్రం' ఎక్కడైనా దొరికితే, అంజలీదేవి పెదవులు కదిలినప్పుడు ఒక్కసారి కళ్ళు మూసుకుని వినండి.