ఊదా సిరా: పుట్టుక, పొందిక, మన్నిక

గ్రంథాలయమున ఏ పుస్తకము తెరచినను చదువరి కంటికి ముందుగా తగులునది ఊదారంగు ముద్ర. గ్రంథాలయము పేరు, ఊరి పేరు, పుస్తకపు వరుస సంఖ్య ఆ ముద్ర యందే యుండును. కచేరి కాగితముల మీదను, బడి ధ్రువపత్రముల మీదను ఆ రంగే కనబడును. వెనుకటి తరమువారు మొనను నాలుకకు తడిపి వ్రాసిన పెన్సిలు గీతయు ఆ రంగుదే. నోటిపూతకు ఆసుపత్రిలో దూదితో పూసెడి మందును ఆ రంగుదే. ఇన్ని చోట్ల ఒకే రంగు కనబడుట కాకతాళీయము కాదు. వీనిలో పెక్కింటికి మూలము ఒకే జాతి రంగుద్రవ్యము.

ఊరి జ్ఞాపకము నిలుచునది కాగితము మీద. కాగితము మాట నిలుచునది సిరా మీద. ఏ సిరా ఎన్నాళ్ళు నిలుచును, ఏ సిరాతో ఏ సిరా పొసగును అను విషయము తెలిసికొనుట కేవల వినోదము కాదు. పుస్తకముల పట్టికయు, చందాదారుల చిట్టాయు, సభల నిర్ణయములును నూఱేండ్లు చదువబడవలెనని కోరువారికి అది అవసరమైన జ్ఞానము.

పూర్వపు సిరాలు

తెలుగునాట చిరకాలము వ్రాతకు ఆధారము తాటియాకు. గంటముతో ఆకు మీద గీసి, ఆ గీతలలో నూనెతో కలిపిన మసి పూసి తుడిచినచో అక్షరములు నల్లగా తేలెడివి. కాగితము వాడుకలోనికి వచ్చిన పిమ్మట సిరా కావలసి వచ్చెను. దీపపు మసిని జిగురుతో నూఱి చేసిన సిరా ఒక విధము. కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి చేసిన సిరా మఱియొక విధము.

ఈ రెండవ సిరాకు కావలసిన ముఖ్య ద్రవ్యము సున్నిపెంట చుట్టునుగల నల్లమల యడవిలోనే దొరకును. కరక్కాయలోని వగరు పదార్థము అన్నభేదిలోని ఇనుముతో కలిసినప్పుడు మొదట పలుచని రంగు పుట్టును. వ్రాసిన పిదప గాలి సోకి అది నల్లబడి, కాగితపు పీచులలో బిగిసికొనిపోవును. నీరు పడినను ఆ వ్రాత సులభముగా పోదు. ఇందలి దోషమొక్కటే. ఆమ్లము హెచ్చైనచో కాలక్రమమున కాగితమునే కొఱికివేయును. మసిసిరాకు ఆ దోషము లేదు, ఎండకు వెలయుటయు లేదు. కాని మసి నీటిలో కరగదు, అడుగున పేరుకొనును. పాళీని ముంచి వ్రాయుటకు అది పనికివచ్చును గాని, సన్నని మార్గమున సిరా ప్రవహింపవలసిన ఫౌంటెన్ పెన్నునకు ఆ పాత మసిసిరా పనికిరాదు.

రాయలసీమకు సిరాతోగల బాంధవ్యమునకు సి.పి. బ్రౌను దొరయే గొప్ప నిదర్శనము. 1820లో కడపకు వచ్చిన ఆయన పండితులను నియమించి, పురుగుపాలగుచున్న తాళపత్ర గ్రంథములకు కాగితముల మీద ప్రతులు వ్రాయించెను. ఆ వ్రాతప్రతులలో పెక్కు నేటికిని చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నున్నవి. ఆ లేఖకుల సిరా నిలుచుటచేతనే ఆ కృషి నిలిచినది.

ఊదా సిరా పుట్టుక

పూర్వము ఊదారంగు మిక్కిలి వెలగలది. మధ్యధరా సముద్ర తీరమున ఒక జాతి నత్తలనుండి తీసిన ఆ రంగు రాజుల వస్త్రములకే చెల్లెడిది. అట్టి రంగు పల్లెటూరి సిరాబుడ్డిలోనికి వచ్చుటకు కారణము బొగ్గుతారు.

1834లో జర్మనీ దేశమున రుంగే అను రసాయన శాస్త్రజ్ఞుడు బొగ్గుతారునుండి ఒక ద్రవమును వేఱుచేసెను. తరువాతి కాలమున దానికి అనిలిను అను పేరు స్థిరపడెను. 1856లో లండను నగరమున పదునెనిమిదేండ్ల విద్యార్థి విలియం హెన్రీ పెర్కిన్ క్వినైనును కృత్రిమముగా చేయ యత్నించెను. అది చలిజ్వరమునకు మందు. నల్లమల పల్లెలకును, శ్రీశైల యాత్రికులకును చలిజ్వరము ఎట్టి పీడయో పెద్దలకు తెలియును. పెర్కిన్‌నకు మందు దొరకలేదు. గాజుపాత్ర అడుగున నల్లని మడ్డి మిగిలెను. దానిని సారాయములో కరగింపగా చక్కని ఊదారంగు వచ్చెను. ఆ యేడే అతడు దానికి పేటెంటు పొందెను. జ్వరమునకు మందు వెదకబోగా బట్టకు రంగు దొరకినట్లయ్యెను.

ఆ త్రోవ పట్టి ఇతరులును శోధించిరి. 1861లో ఫ్రాన్సు దేశీయుడు చార్లెస్ లాత్ మిథైల్ వయొలెట్ అను ఊదా ద్రవ్యమును కనుగొనెను. 1883లో ఆల్ఫ్రెడ్ కెర్న్ దానికి దగ్గఱి చుట్టమైన క్రిస్టల్ వయొలెట్‌ను చేసెను. ఆసుపత్రిలో పూసెడి జెన్షియన్ వయొలెట్ ఈ కుటుంబములోనిదే. కొన్ని సూక్ష్మక్రిములను అది అణచునని 1912లో తెలియవచ్చెను. సిరాబుడ్డియు, మందుసీసాయు ఇట్లు చుట్టములైనవి.

కార్యాలయములు ఊదారంగును వరించుటకు హేతువు సొగసు కాదు, లాఘవము. ఈ రంగు చిటికెడైనను చాలును. బుడ్డెడు నీటిని చిక్కగా రంగు పట్టించును. టైపు యంత్రములు రాకపూర్వము ఉత్తరములకు నకళ్ళు తీయుటకు ఈ గుణము మిక్కిలి యుపకరించెను. ఊదా సిరాతో వ్రాసిన కాగితము మీద తడిపిన పలుచని కాగితము పఱచి అదిమినచో అక్షరములు దానిపై దిగెడివి. జెలటిన్ పలక మీద ఆ వ్రాతను అద్ది, దాని మీద వరుసగా కాగితములు వేసి పదుల కొలది ప్రతులు తీసెడివారు. నాలుకకు తడిపిన పెన్సిలును, రబ్బరు ముద్రల మెత్తయు ఈ వంశములోనివే.

అయితే ఊదాగా కనబడునదెల్ల ఈ జాతిది కాదు. 1962 సార్వత్రిక ఎన్నికలనుండి ఓటరు వ్రేలికి పెట్టుచున్న గుర్తును తొలుత ఊదాగానే యుండును. మైసూరు కర్మాగారమున తయారగు ఆ సిరాలోని ముఖ్య ద్రవ్యము వెండి లవణము. చర్మముపైనున్న ఉప్పుతో కలిసి, వెలుతురు సోకి అది నల్లబడును. రంగు ఒకటిగా కనబడినను గుణము వేఱుగా నుండవచ్చుననుటకు ఇది యొక యుదాహరణము.

కలమును, స్వదేశీ సిరాయు

ముంచి వ్రాసెడి పాళీ స్థానమున సిరాను తనలో దాచుకొనెడి కలము వచ్చుటతో సిరాకు పరీక్ష కఠినమయ్యెను. 1884లో అమెరికాలో వాటర్మన్ పొందిన పేటెంటుతో ఫౌంటెన్ పెన్ను నమ్మదగిన పరికరమయ్యెను. ఆంధ్రదేశమున రాజమహేంద్రవరమునకు చెందిన కోసూరి వెంకటరత్నము 1932లో కలముల తయారీకి పూనుకొనెను. గాంధీమహాత్ముని ప్రోత్సాహమే దీనికి మూలము. మొదటి కలమునందు కొన్ని భాగములు విదేశీయములగుటచే, సర్వమును స్వదేశీయముగా చేసిన కలమును పిమ్మట అందజేయగా, గాంధీజీ 1935 జూలై 16వ తేదీన ప్రశంసించుచు జాబు వ్రాసెను.

కలము స్వదేశీయమైనచో సిరాయు స్వదేశీయము కావలెను గదా! 1931లో బొంబాయిలో దండేకరుల సంస్థ గుఱ్ఱపు గుర్తు సిరా పొడులను, బిళ్ళలను చేయ నారంభించెను. తరువాత కేమ్లిన్ అని ప్రసిద్ధి పొందిన సంస్థ ఇదియే. 1934లో వంగదేశమున మైత్రా సోదరులు సులేఖా సిరాను నెలకొల్పిరి. బిళ్ళను నీటిలో వేసి సిరా చేసికొనుట బడిపిల్లలకు నిత్యకృత్యమయ్యెను. ఊదా సిరా కావలసినవారు నీలిసిరాలో ఎఱ్ఱసిరా బొట్లు కలిపి తామే చేసికొనెడివారు. అక్కడనుండియే కలపుట యను విద్య మొదలైనది. దాని చిక్కులును అక్కడనే మొదలైనవి.

పోలికయు, పొందికయు

రెండు ఊదా సిరాలను పోల్చుటకు ప్రయోగశాల అక్కఱలేదు. అద్దుడు కాగితపు ముక్క మీద, అంచునకు కొంచెము పైగా, ఒక్క బొట్టు వేసి ఆరనిచ్చి, అంచును మాత్రమే నీటిలో తాకించి నిలువబెట్టవలెను. నీరు పైకి ప్రాకుచు రంగులను తనతో తీసికొనిపోవును. ఒకే రంగుద్రవ్యముతో చేసిన సిరా ఒకే పట్టీగా నిలుచును. నీలమును ఎఱుపును కలిపి చేసినచో పెక్కుసారులు రెండు పట్టీలుగా విడిపోవును. అనిలినును వేఱుచేసిన రుంగే పండితుడే కాగితము మీద ద్రవములు గీసెడి యిట్టి చిత్రములను 1855లో ఒక పుస్తకముగా ప్రకటించెను. కంటికి ఒకటిగా కనబడు రెండు సిరాల పుట్టుక వేఱని ఈ కాగితపు ముక్క బయటపెట్టును.

ఇక కలపుట. రంగుద్రవ్యములలో కొన్ని నీటిలో కరగినప్పుడు ధనవిద్యుదంశమును, కొన్ని ఋణవిద్యుదంశమును వహించును. మిథైల్ వయొలెట్ మొదటి జాతిది. ఎఱ్ఱసిరాలలో తఱచుగా వాడబడిన ఇయోసిన్ రెండవ జాతిది. విరుద్ధ జాతులు కలిసినచో ఒకదాని నొకటి పట్టుకొని, కరగని మడ్డిగా అడుగునకు దిగును. కలములో అట్లు జరిగినచో పాళీ క్రింది నాలుకలోని సన్నని మార్గము పూడిపోయి కలము మూగవోవును. మఱియు ఇయోసిన్ ఆమ్లము నోర్వదు. కనుక ఇనుప ద్రవ్యముగల నీలినలుపు సిరాలో ఎఱ్ఱసిరా పోసి ఊదాను సాధింప యత్నించినచో మడ్డియే ఫలము.

అందుచే కలపదలచినవారు కలములో కలుపరాదు. చిన్న గాజుసీసాలో బొట్లు లెక్కించి కలిపి, ఆ లెక్కను సీసాపై వ్రాసి, వారము దినములు కదల్పక యుంచవలెను. పిమ్మట సీసాను వంచి చూచినప్పుడు అడుగున పొడి లేకున్నచో, గోడలకు పొర పట్టకున్నచో, అప్పుడే దానిని కలమున పోయవలెను. ఒక సిరానుండి మఱియొక సిరాకు మారునప్పుడు కలమును మంచినీటితో, రంగు రానంతవఱకు, కడుగవలెను.

మన్నిక

కలిపిన సిరాకు మఱియొక గుప్తదోషము కలదు. దానిలోని రంగులు ఒకే వేగమున వెలయవు. ఎండ తగిలిన చోట ఇయోసిన్ ఎఱుపు త్వరగా వెలసి, నీలము మిగులును. నిన్న ఊదాగా నున్న వ్రాత రేపు నీలముగా మారుట ఇందువలననే. ప్రసిద్ధ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1890లో వేసిన ఐరిస్ పూల చిత్రమునకును ఈ గతియే పట్టినది. ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనశాలలోని ఆ పూలను ఆయన ఊదారంగున చిత్రించెను. ఎఱుపు వెలయుటచే నేడు అవి నీలముగా కనబడుచున్నవి.

మిథైల్ వయొలెట్‌తో ఒంటిగా చేసిన సిరాయు శాశ్వతము కాదు. నీరు తగిలినచో చెదరును, ఎండలో పాలిపోవును. ముద్రకు అది తగును. ఏలయన ముద్ర మూసిన పుస్తకములో చీకటిలో నుండును. గోడకు వ్రేలాడదీయు పట్టికకును, కిటికీ చెంత తెరచియుండు చిట్టాకును అది తగదు.

దీని విలువ సున్నిపెంట ప్రాంతమునకు వేఱుగా చెప్పవలసిన పనిలేదు. 1963 జూలైలో పండిత నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలము ఆనకట్టకు పనివారి కొఱకు వెలసిన వాడయే నేటి సున్నిపెంటలో పెద్ద భాగము. ఆ జలాశయము నిండుటకై 1981 ప్రాంతమున కృష్ణా తుంగభద్రల తీరములనున్న సుమారు నూఱు గ్రామములవారు ఊళ్ళు విడువవలసి వచ్చెను. ఇల్లు మునిగినది; పొలము మునిగినది; గట్టురాళ్ళు మునిగినవి. అచ్చట తమకొక ఊరు, ఒక పొలము ఉండెనని చెప్పుటకు ఆ కుటుంబముల చేత మిగిలినది కాగితము. ఆ కాగితముపై అక్షరము వెలసినచో ఊరు రెండవమాఱు మునిగినట్లే.

కావున ఊదా సిరాను నిందింపనక్కఱలేదు. దాని చోటున దానిని ఉంచిన చాలును. స్నేహితునకు వ్రాసెడి ఉత్తరమునకు, విద్యార్థి గుర్తులకు, గ్రంథాలయ ముద్రకు అది సొగసైన సిరా. కలుపు విద్యయు చేతికి నేర్పును, కంటికి వివేకమును ఇచ్చును. తరతరములకు నిలువవలసిన చిట్టాలకు మాత్రము మసి జాతి శాశ్వత నల్లసిరాయో, కాగితమును కొఱుకనంతటి మితముగల ఇనుపసిరాయో వాడవలెను. ఆ చిట్టాలను ఎండకును, తడికిని దూరముగా ఉంచవలెను. ఊదాతో వ్రాసిన పాత చిట్టాలున్నచో, అవి చదువనగుచుండగనే నల్లసిరాతో నకలు వ్రాయించుట మేలు. కడపలో బ్రౌను దొర తాళపత్రములకు చేయించిన పని యదియే.

రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్ల చిట్టాలు బీరువాలో నుండును. స్వర్ణోత్సవము నాడు వానిని తెరువబోవు చేతులు నేడు పలకబలపము పట్టుచున్నవి. ఆ నాటికి ఆ పుటలలో అక్షరము మిగులవలెనన్నచో, సిరాబుడ్డి ఎంచుకొను పని ఈ నాటిదే.