అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో వేగదాడి నియంత్రణ వివాదం

వేగదాడి నియంత్రణ వివాదం అనగా, అమెరికా సంయుక్త రాష్ట్రాల కళాశాల ఫుట్‌బాల్‌లో దాడి జట్లు విరామం లేకుండా ఆడే పద్ధతిని నిబంధనల ద్వారా నెమ్మదింపజేయాలా వద్దా అనే అంశంపై సాగిన చర్చ. 2014 ఫిబ్రవరి, మార్చి నెలలలో ఇది తారస్థాయికి చేరినది. జాతీయ కళాశాలల క్రీడా సంఘానికి (ఎన్.సి.ఎ.ఎ.) చెందిన ఫుట్‌బాల్ నిబంధనల సంఘం ఆటగాళ్ల భద్రత పేరిట ఒక నిబంధనను ప్రతిపాదించి, మూడు వారాలలోనే దానిని పక్కన పెట్టినది. నిబంధన అమలులోకి రాకపోయినా, అది లేవనెత్తిన ప్రశ్నలు నేటికీ పూర్తిగా తీరలేదు.

ఆట స్వరూపం

మన ప్రాంతంలో ఫుట్‌బాల్ అనగానే కాలితో తన్నే ఆటే గుర్తుకు వస్తుంది కనుక, వివాదంలోకి వెళ్లే ముందు నాలుగు మాటలు చెప్పుకొనవలసి ఉన్నది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కోలగా ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తటం, విసరటం ప్రధానం. పక్షానికి 11 మంది ఆడతారు. బంతి ఎవరి అధీనంలో ఉంటే వారిని దాడి జట్టు అని, అడ్డుకొనేవారిని రక్షణ జట్టు అని ఈ వ్యాసంలో వ్యవహరిద్దాం. దాడి జట్టుకు నాలుగు అవకాశాలు ఉంటాయి. వీటిని డౌన్లు అంటారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు సాగితే మరల నాలుగు అవకాశాలు లభిస్తాయి. నేలపైనున్న బంతిని వెనుకనున్న ఆటగానికి అందించటం స్నాప్. స్నాప్‌తో మొదలై, బంతి ఆగటంతో ముగిసేది ఒక విడత. రెండు విడతల నడుమ ఎంతమంది ఆటగాళ్లనైనా మార్చుకొనవచ్చును.

స్నాప్ ఎప్పుడు చేయాలో నిర్ణయించేది దాడి జట్టు మాత్రమే. వివాదానికంతటికీ మూలం ఇదే. బంతిని నిర్ణీత సమయంలోగా స్నాప్ చేయకపోతే 5 గజాల పెనాల్టీ పడుతుంది. అంటే నిబంధనలు ఆలస్యానికి హద్దు పెట్టినవి గాని తొందరకు పెట్టలేదు. సంప్రదాయ పద్ధతిలో దాడి జట్టు ప్రతి విడత తరువాత గుండ్రంగా గుమికూడి, తరువాతి ఎత్తును మాట్లాడుకొంటుంది. దీనికి హడిల్ అని పేరు. ఆ వ్యవధిలో రక్షణ జట్టు కూడా ఊపిరి తీసుకొని, అలసినవారి స్థానంలో కొత్తవారిని దింపుకొంటుంది. వేగదాడిలో హడిల్ ఉండదు. మైదానం అంచున నిలిచినవారు చేసే సైగలను, పైకెత్తి చూపే బొమ్మల అట్టలను చూసి ఆటగాళ్లు వెంటనే తమ తమ స్థానాలలో నిలబడతారు. దాడి జట్టు ఆటగాళ్లను మార్చితే, రక్షణ జట్టుకు కూడా మార్చుకొనే సమయం ఇవ్వాలని నిబంధన ఉన్నది. ఆ సమయం పూర్తయ్యే వరకు అంపైర్ బంతి వద్ద నిలిచి స్నాప్‌ను ఆపుతాడు. దాడి జట్టు అదే 11 మందితో కొనసాగినట్లయితే రక్షణ జట్టుకు అటువంటి హామీ ఏదీ లేదు. 300 పౌండ్ల (సుమారు 136 కిలోల) బరువుండే రక్షణ ఆటగాడు అలసిపోయినా మైదానంలోనే ఉండిపోవలసి వస్తుంది.

వేగదాడి పెరిగిన విధం

హడిల్ లేని ఆట కొత్తది కాదు. వృత్తి ఫుట్‌బాల్‌లో 1980ల చివర శామ్ వైష్ శిక్షణలో సిన్సినాటి బెంగాల్స్, ఆ తరువాత మార్వ్ లెవీ శిక్షణలో బఫెలో బిల్స్ దీనిని విజయవంతంగా ఆడారు. కళాశాల స్థాయిలో 1990లలో గ్లెన్‌విల్ స్టేట్ అనే చిన్న కళాశాలకు శిక్షకుడైన రిచ్ రోడ్రిగెజ్ దీనికి ఒక రూపం ఇచ్చాడు. ఆర్కన్సా రాష్ట్రంలో ఉన్నత పాఠశాల శిక్షకునిగా ఉన్న గస్ మాల్జాన్ 2003లో ఈ పద్ధతిపై ఒక పుస్తకమే వ్రాశాడు. బడిపిల్లల ఆట నుండి పెద్ద విశ్వవిద్యాలయాలకు పద్ధతులు ఎగబాకటం ఈ క్రీడలో తరచు జరిగేదే.

పెద్ద మలుపు మాత్రం 2008లో వచ్చినది. అంతకు ముందు రిఫరీ బంతిని సిద్ధపరచి సైగ చేసిన తరువాత 25 సెకన్ల గడియారం మొదలయ్యేది. కనుక ఆట వేగం కొంతవరకు రిఫరీ చేతిలో ఉండేది. 2008 నుండి ఒక విడత ముగిసిన క్షణం నుండే 40 సెకన్ల గడియారం నడవసాగినది. బంతిని నేలపై పెట్టగానే స్నాప్ చేయగల వీలు దాడి జట్టుకు కలిగినది. 2009 నుండి 2012 వరకు చిప్ కెల్లీ ప్రధాన శిక్షకునిగా ఉన్న ఆరెగన్ విశ్వవిద్యాలయం ఈ వీలును పూర్తిగా వాడుకొని, 2010 సీజన్‌లో జాతీయ విజేత నిర్ణయ పోటీ వరకు వెళ్లినది. ఆ పోటీలో దానిని 22-19తో ఓడించిన ఆబర్న్ జట్టుకు దాడి శిక్షకుడు మాల్జానే.

2014 నాటి ప్రతిపాదన

2014 ఫిబ్రవరి 12న, ఎయిర్ ఫోర్స్ అకాడమీ శిక్షకుడు ట్రాయ్ కాల్హూన్ అధ్యక్షుడుగా ఉన్న నిబంధనల సంఘం ఈ ప్రతిపాదనను ప్రకటించినది. దీని ప్రకారం 40 సెకన్ల గడియారంలో మొదటి 10 సెకన్లు రక్షణ జట్టు ఆటగాళ్లను మార్చుకొనటానికి వదలివేయాలి. గడియారం 29కి చేరే వరకు స్నాప్ చేయరాదు. ప్రతి అర్ధభాగంలోని చివరి రెండు నిమిషాలకు ఇది వర్తించదు. ఉల్లంఘించినవారికి 5 గజాల పెనాల్టీ, అదియును ఆటను ఆలస్యం చేసిన నేరం కింద! తొందరపడినవానికి ఆలస్యపు శిక్ష ఏమిటని విమర్శకులు ఎద్దేవా చేసినారంటే ఆశ్చర్యం లేదు.

నిబంధనలు రెండేళ్లకు ఒకసారి మాత్రమే మార్చే ఆనవాయితీ ఆనాడు ఉన్నది. 2014 మార్పుల సంవత్సరం కాదు. అటువంటి సంవత్సరంలో ఆటగాళ్ల భద్రతకు సంబంధించిన మార్పులను మాత్రమే తీసుకొనవచ్చును. అందుచేత ఈ నిబంధనను ప్రవేశపెట్టదలచినవారు దానిని భద్రతాంశంగానే చూపవలసి వచ్చినది. ఆట న్యాయం గురించిన చర్చగా సాగవలసినది వైద్యపు చర్చగా మారటానికి ఇది ముఖ్య కారణం.

అలబామా శిక్షకుడు నిక్ సేబన్, ఆర్కన్సా శిక్షకుడు బ్రెట్ బీలెమా సంఘం ఎదుట తమ అభిప్రాయాలు చెప్పారని తెలియగానే అనుమానాలు పెరిగినవి. ఇరువురూ నింపాదిగా, బలంతో ఆడే పద్ధతికి పేరుబడినవారు. అంతకు ముందే 2012లో టెక్సస్ ఎ అండ్ ఎం, 2013 నవంబరు 30న ఆబర్న్, 2014 జనవరిలో ఓక్లహోమా అలబామాను ఓడించి ఉన్నవి. ఇవన్నీ వేగంగా ఆడగల జట్లే. ఓడినవారు నిబంధనను మార్చబూనటం ఏమి న్యాయమని ప్రత్యర్థులు ప్రశ్నించారు. దక్షిణ కరోలినా శిక్షకుడు స్టీవ్ స్పరియర్ దీనికి సేబన్ నిబంధన అని పేరు పెట్టాడు. అప్పటికి ఆరిజోనా శిక్షకుడైన రోడ్రిగెజ్ హాలీవుడ్ చిత్రం స్పీడ్‌ను అనుకరిస్తూ ఒక హాస్య వీడియో విడుదల చేశాడు.

వాదప్రతివాదాలు

సమర్థకుల వాదం సూటిగానే ఉన్నది. విడతలు ఎక్కువైతే ఢీకొనటాలు ఎక్కువవుతాయి, ఢీకొనటాలు ఎక్కువైతే గాయాలు ఎక్కువవుతాయి. అలసిన ఆటగాడు మెలకువలు తప్పి, తలతో ఢీకొనే ప్రమాదం ఉన్నది. సేబన్ దీనిని పొగత్రాగటంతో పోల్చాడు. ఒక్క సిగరెట్టుకు హాని కనబడకపోయినా ఇరవై త్రాగినవానికి హాని ఎక్కువ కాదా అని అతని తర్కం.

మాల్జాన్, రోడ్రిగెజ్ మొదలైనవారు దీనికి ఋజువు చూపమని అడిగారు. వేగం వలన గాయాలు పెరిగినట్లు చూపే ఆధారమేదీ లేదని, ఉన్నవి అభిప్రాయాలు మాత్రమేనని మాల్జాన్ వాదించాడు. పైగా చివరి రెండు నిమిషాలకు మినహాయింపు ఎందుకు? ఆటగాళ్లు మిక్కిలి అలసి ఉండేది ఆ నిమిషాలలోనే గదా! భద్రతే లక్ష్యమైతే ఆ సమయానికే నిబంధన ముందుగా వర్తించాలి. ఈ ప్రశ్నకు సంతృప్తికరమైన సమాధానం సమర్థకుల నుండి రాలేదనే చెప్పాలి.

సంఘపు ప్రకటనలోనే మరొక చిక్కు ఉన్నది. వేగదాడి జట్లు కూడా గడియారంలో 30 సెకన్లు లేదా అంతకు మించి మిగిలి ఉండగా స్నాప్ చేయటం అరుదని సంఘమే పేర్కొన్నది. నిబంధన వలన ఎవరి ఆటా చెడదని చెప్పటం దీని ఉద్దేశం. అయితే అంత అరుదుగా జరిగేదానివలన ప్రమాదం ఎట్లు పెరిగినది, దానిని నిషేధించటం వలన రక్షణ ఎట్లు కలుగును అని ఎదుటిపక్షం అదే వాక్యాన్ని తిప్పి ప్రయోగించినది. నిజానికి దాడి జట్టుకు కావలసినది ప్రతిసారి పదిసెకన్లలో స్నాప్ చేయటం కాదు, ఎప్పుడైనా చేయగలమన్న బెదిరింపు. ఆ భయంతోనే రక్షణ శిక్షకుడు ఆటగాళ్లను మార్చటానికి జంకుతాడు. నిబంధన తీసివేయబోయినది ఈ బెదిరింపునే.

చర్చ ఒక దశలో శ్రుతి మించినది. 2014 ఫిబ్రవరిలోనే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ క్రీడాకారుడొకడు శిక్షణలో పరుగెడుతూ కుప్పకూలి మరణించాడు. ఆధారం ఏదని అడిగినవారికి బీలెమా ఈ మరణాన్ని ఉదహరించి, సికిల్ సెల్ లక్షణం ఉన్న ఆటగాడు అలసినప్పుడు అతనిని బయటకు తీసుకురాలేని స్థితిని ప్రస్తావించాడు. విమర్శలు రాగా విచారం వ్యక్తం చేశాడు. సందర్భం అనుచితమే. ఆ మరణం ఆటలో గాక శిక్షణలో జరిగినది. అయినను అతడు చెప్పిన ప్రమాదం కల్పితం కాదు. మన ఏజెన్సీ ప్రాంతాలలోనూ కనిపించే ఈ సికిల్ సెల్ లక్షణం గలవారికి తీవ్రమైన శ్రమ ప్రాణాంతకం కాగలదు. ఎన్.సి.ఎ.ఎ. ప్రథమ శ్రేణి క్రీడాకారులకు దీని పరీక్షను 2010లోనే ప్రవేశపెట్టినది.

విమర్శల నడుమ, తుది ఆమోదం తెలుపవలసిన పర్యవేక్షణ మండలి సమావేశానికి ముందు రోజున, అనగా 2014 మార్చి 5న, సంఘం ప్రతిపాదనను పక్కన పెట్టినది.

గాయాల నటన

నిబంధన ఇవ్వని విరామాన్ని కొన్ని రక్షణ జట్లు మరొక దారిలో సంపాదించుకొన్నవి. ఆటగాడు గాయపడినట్లు పడిపోతే ఆట ఆగుతుంది, మిగిలినవారు సేదతీరుతారు. 2010 నవంబరులో ఆరెగన్ 15-13తో గెలిచిన ఆటలో కాలిఫోర్నియా ఆటగాడొకడు ఇట్లు నటించినట్లు తేలగా, ఆ విశ్వవిద్యాలయం తన సహాయ శిక్షకుని ఒక ఆటకు సస్పెండ్ చేసినది. నటనను నిరూపించటం కష్టం. రిఫరీ వైద్యుడు కాడు, నిజమైన గాయాన్ని నటన అని శంకిస్తే అది మరింత ప్రమాదం. 2025లో వచ్చిన నిబంధన ఈ చిక్కును దాటవేసినది. తరువాతి విడతకు బంతిని నేలపై ఉంచిన పిమ్మట ఆటగాని కోసం వైద్య సిబ్బంది లోపలికి వస్తే, గాయం నిజమా కాదా అన్న విచారణ లేకుండా, ఆ జట్టు టైమౌట్ ఒకటి కోల్పోతుంది. టైమౌట్లు మిగలకపోతే 5 గజాల పెనాల్టీ.

తరువాతి పరిణామాలు

సేబన్ ఓటమిని తన రీతిలో స్వీకరించాడు. 2014 జనవరిలోనే దాడి శిక్షకునిగా చేర్చుకొన్న లేన్ కిఫిన్ ఆధ్వర్యంలో అలబామా కూడా హడిల్ లేని ఆటను అలవరచుకొన్నది. 2024 జనవరిలో సేబన్ పదవీ విరమణ చేసేనాటికి ఆయన జట్లు ఆ విద్యలోనూ ఆరితేరినవి.

విడతల సంఖ్యను తగ్గించాలన్న ఆలోచన మాత్రం మరుగున పడలేదు. 2006లో ఆట గడియారాన్ని ఎక్కువగా నడిపించి ఆటను కుదించే ప్రయత్నం జరిగి, అసంతృప్తి రేగటంతో మరుసటి ఏడే రద్దయినది. 2023లో మరొక మార్పు వచ్చినది. దాడి జట్టు 10 గజాలు సాధించిన ప్రతిసారీ ఆట గడియారాన్ని ఆపే పాత ఆచారం ప్రతి అర్ధభాగపు చివరి రెండు నిమిషాలకే పరిమితమైనది. ఇది వేగంగా ఆడేవారిని, నింపాదిగా ఆడేవారిని సమానంగా తాకినది గనుక 2014 నాటి గొడవ పునరావృతం కాలేదు. 2024లో అగ్రశ్రేణి జట్లకు హెల్మెట్ ద్వారా శిక్షకునితో సంభాషించే వీలు కల్పించారు. గడియారంలో 15 సెకన్లు మిగిలినప్పుడు ఆ సంభాషణ ఆగిపోతుంది. బంతి సిద్ధమైన మరుక్షణమే స్నాప్ చేసే హక్కు దాడి జట్టుకు నేటికీ ఉన్నది.