ఆసియా అన్న పేరు: ఒకే పలుకు, రెండు వ్రాతలు

దైవప్రవక్త ముహమ్మద్ (స) కొందరి పేర్లను మార్చారన్న సంగతి హదీసు గ్రంథాలతో పరిచయమున్న పాఠకులకు విదితమే. ఆ మార్పులలో ఒకటి మన తెలుగు ముస్లిముల ఇండ్లలో నేటికీ చిక్కు తెచ్చిపెడుతున్నది. హజ్రత్ ఉమర్ (రజి) కుటుంబంలోని ఒక స్త్రీకి ‘ఆసియా’ అని పేరుండేదనీ, దైవప్రవక్త (స) ఆ పేరును మార్చి ‘జమీలా’ అని పెట్టారనీ సహీహ్ ముస్లింలో ఇబ్నె ఉమర్ (రజి) ద్వారా వచ్చిన ఉల్లేఖనం చెబుతున్నది. మరోవంక ఫిరౌన్ భార్య పేరు కూడా ‘ఆసియా’యే. స్త్రీలలో పరిపూర్ణతను అందుకున్నవారిగా ఇమ్రాన్ కుమార్తె మర్యంతోపాటు ఆమెను దైవప్రవక్త (స) పేర్కొన్నట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. ఒకచోట తొలగించిన పేరు, మరొకచోట ఇంతటి గౌరవం పొందిన పేరు ఒకటేనా? తెలుగులో చదివేవారికి ఒకటే. అరబీలో కాదు.

మొదటిది ‘ఐన్’ అక్షరంతో మొదలై, నడుమ ‘సాద్’తో వ్రాయబడుతుంది. దాని అర్థం అవిధేయురాలు, ఆజ్ఞ మీరినది. రెండవది ‘అలిఫ్’తో మొదలై ‘సీన్’తో వ్రాయబడుతుంది. దానికి నిఘంటుకారులు రెండు అర్థాలు చెబుతారు: గాయాన్ని మాన్పేది, ఓదార్చేది అని ఒకటి, ఇంటిని మోసే స్తంభమని మరొకటి. రెండు పేర్ల ధాతువులు వేరు, అర్థాలు వేరు, చరిత్రలు వేరు. మన లిపిలోకి వచ్చేసరికి రెండూ ‘ఆ’, ‘సి’, ‘యా’ అనే మూడు అక్షరాలలోనే ఒదిగిపోయాయి.

అవిధేయురాలని ఆడపిల్లకు పేరు పెట్టుకోవడమేమిటని పాఠకులకు సందేహం రావచ్చు. ఇస్లాంకు పూర్వపు అరబ్బులకు అది తిట్టు కాదు. ఎవరికీ తలవంచనివాడు, అవమానాన్ని సహించనివాడు అన్న గర్వం ఆ మాటలో వారికి వినిపించేది. ఖురైషులలో ‘ఆస్’ అన్న పేరుగల పురుషులు పలువురున్నారు. మక్కా విజయం నాడు వారిలో ఒకరికి దైవప్రవక్త (స) ‘ముతీ’ అని, అంటే విధేయుడని, పేరు మార్చారు. తలవంచకపోవడమే ఘనత అనుకున్న సమాజంలో దైవం ముందు తలవంచడమే ఘనతగా మారినప్పుడు ఆ పాత పేర్లు వినడానికి ఎబ్బెట్టు అయ్యాయి. మారింది ఒక పేరు మాత్రమే కాదు, ఆ పేరుకు అర్థమిచ్చిన లోకం.

అయితే ప్రతి మార్పునూ ఈ ఒక్క కారణంతోనే వివరించలేము. ‘బర్రా’ అంటే పుణ్యవతి, మంచి అర్థమే. అయినా అందులో స్వోత్కర్ష ఉన్నదని ఆ పేరుగల ఒకరిని జైనబ్ అనీ, మరొకరిని జువైరియా అనీ మార్చారు. ఇక సయీద్ బిన్ ముసయ్యబ్ తాత సంగతి ఉన్నది. ఆయన పేరు ‘హజ్న్’, అంటే గరుకు నేల. ‘సహ్ల్’, అంటే చదునైనది, సులువైనది అన్న పేరు పెట్టుకోమని దైవప్రవక్త (స) సూచిస్తే, తండ్రి పెట్టిన పేరు మార్చుకోనన్నాడాయన. ఆ గరుకుతనం తమ వంశంలో మిగిలిపోయిందని మనుమడు తరువాత చెప్పుకున్నాడు. ఇక్కడ గమనించవలసింది, సూచనను కాదన్న మనిషిని ఎవరూ బలవంతపెట్టలేదన్నది. పేర్ల విషయంలో నేడు తీర్పులు చెప్పడానికి తొందరపడేవారు ఈ ఉల్లేఖనాన్ని ఎందుకో అంతగా తలచుకోరు.

జమీలాగా మారిన ఆ స్త్రీ ఎవరన్న విషయంలో కూడా చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. ముస్లింలోని ఒక ఉల్లేఖనం ఆమెను ఉమర్ (రజి) కుమార్తె అంటున్నది. సహాబీల జీవితచరిత్రలలో మాత్రం ఆయన భార్య, మదీనావాసియైన సాబిత్ కుమార్తె జమీలా ప్రసక్తి వస్తుంది. ఆసిమ్ బిన్ ఉమర్‌ను కన్న తల్లి ఈమె. ఉమర్ (రజి) ఆమెకు తలాఖ్ ఇచ్చిన తరువాత పసివాడైన ఆసిమ్ ఎవరి దగ్గర పెరగాలన్న తగాదా ఖలీఫా అబూబక్ర్ (రజి) ముందుకు వెళ్లింది. తీర్పు తల్లివైపువారికే అనుకూలంగా వచ్చింది. ఆ ఆసిమ్ కుమార్తె కొడుకే ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్. ఒకే ఇంట భార్యకూ కూతురికీ ఒకే పేరుండటం, రెండూ మారడం అసంభవం కాదు గాని, ఒకే సంఘటన ఇద్దరికీ అంటుకున్నదని అనుకోవడమే నాకు సమంజసంగా తోస్తున్నది. అన్నట్లు ‘ఆసిమ్’ అన్న పేరుకు ఈ అవిధేయతతో సంబంధం లేదు. అది వేరే ధాతువు, రక్షించేవాడని అర్థం.

ఇట్టి పోలికగల పేర్ల చిక్కు మనకే కాదు, అరబ్బులకూ ఉన్నది. దానికోసం వారు ఒక శాస్త్రాన్నే నిర్మించుకున్నారు. వ్రాతలో ఒకేలా కనిపించి పలుకులో వేరయ్యే పేర్ల పరిశీలనకు ‘ముఅతలిఫ్, ముఖ్తలిఫ్’ అని పేరు. హదీసు చెప్పిన మనిషి ఎవరో తెలియకపోతే ఆ హదీసు విలువ తేలదు కనుక ఇది కాలక్షేపపు విద్య కాదు. హిజ్రీ 5వ శతాబ్దికి చెందిన బాగ్దాదు పండితుడు ఇబ్నె మాకూలా ఈ విషయంపై ‘అల్ ఇక్మాల్’ అనే బృహద్గ్రంథం వ్రాశాడు. ఆయన ఒక ప్రయాణంలో తన సేవకుల చేతిలోనే హతుడయ్యాడని జీవితచరిత్రకారులు చెబుతారు. ఆ గ్రంథం అచ్చయింది ఎక్కడో కాదు, 1962 మొదలుకొని మన ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోని దాయిరతుల్ మఆరిఫ్‌లో. దానిని పరిష్కరించినవారు యెమెన్ దేశీయుడైన అబ్దుర్రహ్మాన్ ముఅల్లిమీ. ఆయన ఏళ్ల తరబడి దాయిరాలో పరిష్కర్తగా పనిచేసి, 1950ల ఆరంభంలో మక్కాకు వెళ్లి అక్కడి హరం గ్రంథాలయ బాధ్యతలు చేపట్టారు. 1888లో స్థాపితమైన ఈ సంస్థే ఇబ్నె హజర్ రచించిన ‘తహ్జీబుత్ తహ్జీబ్’ను 1907–1909 మధ్య 12 సంపుటాలుగా వెలువరించింది. తార్నాక కూడలి నుండి విశ్వవిద్యాలయపు దారిన రోజూ పోయేవారిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసునో చెప్పలేను.

ఈ శాస్త్రజ్ఞుల పద్ధతి ఆసక్తికరమైనది. లేఖకుడు చుక్కలు వదిలేస్తాడు, అచ్చరులు మార్చేస్తాడు. కాబట్టి వారు పేరు వ్రాసి ఊరుకోరు, దాని అక్షరాలను మాటలలో వర్ణిస్తారు. ఈ అక్షరానికి చుక్క లేదు, దీనికి పైన చుక్క, ఇది ఒత్తుతో పలుకవలెను అని చెప్పి భద్రం చేస్తారు. ‘సలామ్’, ‘సల్లామ్’ అరబీ వ్రాతలో ఒకటే. మదీనా యూద పండితుడై ఇస్లాం స్వీకరించిన అబ్దుల్లా తండ్రి పేరు ఒత్తు లేని సలామ్ అని వారు ప్రత్యేకించి చెప్పవలసి వచ్చింది. అబీదా, ఉబైదాల సంగతీ అంతే. ఇక్కడ తెలుగు లిపి గొప్పతనం చూడండి: ఈ జంటలలో దేనినీ మనం పొరబడము. అరబీ లిపి దాచిన అచ్చులనూ ద్విత్వాన్నీ మన లిపి పట్టపగలులా చూపిస్తుంది. అరబీ వేరు చేసిన ఐన్, అలిఫ్‌లను, సాద్, సీన్, సేలను మాత్రం ఒకే గంపలో పోస్తుంది.

అయినా తప్పంతా లిపిదే అనడం న్యాయం కాదు. మన దక్కనీ పలుకులోనే ఆ తేడాలు లేవు. మదరసాలో ఉస్తాదు బెత్తం పట్టుకొని గొంతులోంచి ఐన్ పలికించేవారు. గేటు దాటితే ఆ ఐన్ మాయమయ్యేది. తార్నాకకు కూతవేటు దూరంలోని కొండను మౌలా అలీ అని విడదీసి పలికేవారెవరు? అది మౌలాలి. ‘ఖాఫ్’ను మన హైదరాబాదు నోరు ‘ఖ’గా పలుకుతుంది కనుకనే పల్లెల్లో ఖాసిం, ఖాసింబీ అన్న పేర్లు స్థిరపడ్డాయి. వాటిని తప్పులనడం నాకు ఇష్టం లేదు. అవి మన చరిత్ర.

ఈ వ్యాసానికి ప్రేరణ తార్నాకలో అద్దెకుంటున్న ఒక పరిశోధక విద్యార్థి. నల్లగొండ జిల్లా వాడు, తెలుగు మాధ్యమంలో చదివినవాడు. తనకు పుట్టిన కూతురికి చనిపోయిన తన తల్లి పేరు పెట్టాలని అతని కోరిక, అతని ఆపా పట్టుదల. మదరసాలో చదువుతున్న బావమరిది మాత్రం తల్లిగారి నిఖానామా తీసి చూపించాడు. అందులో ఆమె పేరు ఐన్‌తో, సాద్‌తో వ్రాసి ఉన్నది. ఇది దైవప్రవక్త (స) తొలగించిన పేరు, జమీలా అని పెట్టండి అన్నాడు. అతడు నా దగ్గరకు వచ్చి, “మౌలానా సాబ్, అయితే మా అమ్మ బతుకంతా చెడ్డ పేరుతోనే గడిపిందా?” అని అడిగాడు. నేను బదులు చెప్పక, మీ పిన్నమ్మల పేర్లేమిటి నాయనా అని అడిగాను. ఒక్కరే ఖాలా, మరియం అన్నాడు.

నాకు అది చాలిన ఆధారం. బుఖారీ హదీసులో ఆ ఇద్దరి పేర్లు కలిసి వస్తాయి. ఖుర్ఆన్ 66వ సూరాలో 11వ ఆయతు పేరు చెప్పకుండా ఫిరౌన్ భార్యను, 12వ ఆయతు మర్యంను విశ్వాసులకు ఉదాహరణగా చూపుతాయి. ఒక కూతురికి మరియం అని పెట్టిన తండ్రి రెండవ కూతురిని అవిధేయురాలని పిలుచుకున్నాడంటే నమ్మలేము. ఆయన చెవితో విని పెట్టాడు. లేఖకుడు చేతి అలవాటుతో వ్రాశాడు. ఉర్దూ భక్తికవిత్వంలో కవి తనను తాను ‘ఆసీ’, అంటే పాపిని, అని వినయంగా చెప్పుకోవడం పరిపాటి గనుక ఆ కలం ఐన్, సాద్‌ల వైపు జారడం సహజమే. దస్తావేజు వ్రాత సాక్ష్యమే గాని, కన్నవారి ఉద్దేశానికి అది ఒక్కటే సాక్ష్యం కాదు. బావమరిది ఉదహరించిన హదీసు సరియైనదే. ఆ ఇంటి పేరుకు అది వర్తించదు. వినడానికి ఒకలా ఉన్నదని ఈ పేరునే వదులుకుంటే, ఫిరౌన్ ఇంట ఉండి మూసా (అలై)ను పెంచిన తల్లి పేరు ఐన్ పలుకని ప్రతి దేశంలోనూ నిషిద్ధం కావలసి వస్తుంది.

తెలుగువారికి ఉన్న మరో ఇబ్బందిని ఆపా లేవనెత్తింది: బడిలో పిల్లలు ఆసియా ఖండమని ఏడిపించరా? ఉర్దూలో ఖండం పేరు ‘ఏషియా’ గనుక అక్కడ ఈ తగువు లేదు. ‘ఆసియ’ అని చివర కురచ చేద్దామా అన్నారు. ఫాతిమా, జమీలా, సల్మా అని దీర్ఘంతో వ్రాయడం మన వాడుక కాబట్టి దీర్ఘమే ఉండనిమ్మన్నాను. ఖండం పేరంటే చిన్నదేమీ కాదు కదా!

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, దాని నియమాల ప్రకారం పుట్టుక నమోదైన 12 నెలలలోగా రుసుము లేకుండా, ఆ తరువాత 15 ఏళ్ల వరకు రుసుముతో పిల్ల పేరు చేర్పించవచ్చు. కనుక వారికి తొందర లేకపోయింది. అఖీఖా జరిగిన తరువాతే వెళ్లి ‘ఆసియా’ అని వ్రాయించారు. ఆ పత్రంలో ఇంగ్లీషు అక్షరాలైనా, తెలుగు అక్షరాలైనా మనం చెప్పుకున్న తేడాను చూపలేవు. అందుచేత ఇంట్లో దాచుకునే నకలు వెనుక ఉర్దూలో పేరు వ్రాసి, దాని క్రింద ఇబ్నె మాకూలా పద్ధతిలోనే తెలుగులో ఒక పంక్తి చేర్చమని చెప్పాను: మొదట మద్దాతో అలిఫ్, తరువాత చుక్కలు లేని సీన్, ఐన్ కాదు, సాద్ కాదు, నాయనమ్మ పేరు.