అంబాసిడర్‌కి కొత్త రేకు

గండికోట చూసొచ్చినవాళ్లకి ఆ పెద్ద వాకిలి తలుపులు గుర్తుండే ఉంటాయి. లోపల మందమైన చెక్క, దాని మీద ఇనప రేకులు, రేకుల మీద పొడుచుకొచ్చిన ములుకులు. తలుపుకి బలం చెక్కది, కాపలా రేకుది. మన పాత కార్లలో చెక్క లేదు. అక్కడ బలమూ రేకుదే, కాపలా కూడా రేకుదే. అందుకే కారు రేకుకి తుప్పు పట్టిందంటే అందం పోయిందని మాత్రమే అనుకోకూడదు. ఈసారి ఆ తుప్పు గురించీ, దాన్ని తీసే టింకరింగ్ మేస్త్రీల గురించీ, ముఖ్యంగా అంబాసిడర్ గురించీ రాస్తాను.

అంబాసిడర్ 1957లో మొదలైంది. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే కారు ఉండేది. దాని నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీలో దీన్ని తయారుచేశారు. 2014 మే నెలలో ఆ ఫ్యాక్టరీ ఆగిపోయేదాకా, అంటే 57 ఏళ్లపాటు, ముందు జాలీ మారినా, లైట్లు మారినా, ఇంజను మారినా కారు రూపం మాత్రం పెద్దగా మారలేదు.

లైసెన్సుల కాలంలో కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చేదాకా మధ్యతరగతికి అంబాసిడర్, ఫియట్ తప్ప పెద్దగా దిక్కు లేదు. అన్నేళ్లు ఆగి తెచ్చుకున్న బండిని ఎవరు వదులుకుంటారు? పాడైతే బాగుచేయించుకోవడమే. రూపం మారలేదు కాబట్టి ఒక బండి తలుపు, మడ్‌గార్డు, డిక్కీ మూత కాస్త సర్దితే ఇంకో బండికి సరిపోయేవి. బోల్టులు విప్పితే ముందు మడ్‌గార్డు చేతికొచ్చేస్తుంది. 1960లలో విజయవాడలో జవహర్ ఆటోనగర్ వెలిసింది. చెన్నైలో పుదుపేట పాత బండ్ల సామాన్లకి పేరు మోసింది. మన వైపు నుంచి ఒక తలుపు కోసం చెన్నై బస్సెక్కి వెళ్లొచ్చిన మగవాళ్ల కథలు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటాయి.

ఇంతకీ తుప్పు ఎక్కడ మొదలవుతుంది? ఇనుము, నీళ్లు, గాలి మూడూ ఒకచోట చేరితే చాలు. అట్ల పెనం తోమి తడిగా బోర్లించి చూడండి, తెల్లారేసరికి ఎర్రబడుతుంది. అందుకే తుడిచి నూనె రాసి పెడతాం. ఇనప బీరువాకి కాళ్ల దగ్గరే ముందు తుప్పు పడుతుంది, రోజూ ఇల్లు తుడిచే తడి అక్కడ నిలుస్తుంది కాబట్టి. కారులోనూ అంతే. చాపల కింద ఫ్లోరు, తలుపుల అడుగు అంచు, అద్దాల రబ్బరు కింద, డిక్కీలో స్టెప్నీ టైరు పడుకునే గుంట, బ్యాటరీ పెట్టే చోటు. తలుపు అడుగున నీళ్లు పోవడానికి చిన్న బెజ్జాలుంటాయి. చింతచెట్టు కింద బండి పెడితే ఆ సన్నని ఆకంతా సందుల్లోకి చేరి వాటిని మూసేస్తుంది. వాన నీళ్లు లోపలే నిలుస్తాయి.

తుప్పుగా మారిన ఇనుము మంచి ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఉబ్బి పైన రంగుని లేపుతుంది. మనకి కనిపించే పొక్కు అదే. బయట రూపాయి బిళ్లంత కనిపిస్తే లోపల అరచేయంత తినేసి ఉండవచ్చు.

మన జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు గాలి పొడిగా ఉంటుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లంత వేగంగా ఇక్కడ తుప్పు రాదు. అయితే సెకండ్‌హ్యాండు బండి కొనేటప్పుడు అది ఏ ఊళ్లో తిరిగిందో అడగడం మంచిది. సముద్రపు ఒడ్డున పట్టిన తుప్పు రంగు కింద దాక్కుని ఇక్కడికొస్తుంది. చిన్న అయస్కాంతాన్ని పలచటి గుడ్డలో చుట్టి తలుపు అడుగున, చక్రాల పైన ఆనించి చూడండి. అంటుకోకపోతే అక్కడ మందంగా ఉన్నది పుట్టీ, ఇనుము కాదు.

అసలైన టింకరింగ్ ఎలా ఉంటుందో మా మామగారి అంబాసిడర్‌కి చేసేటప్పుడు దగ్గరుండి చూశాను. ఆ బండిలోనే బ్రహ్మంగారిమఠానికీ, ఒంటిమిట్టకీ పదిమందిమి సర్దుకుని వెళ్లేవాళ్లం. మేస్త్రీ చాప తీసి, స్క్రూడ్రైవరు మొనతో ఫ్లోరు మీద పొడిచారు. మంచి రేకు ఖంగుమంది. వెనకసీటు ముందు, పిల్లలు కాళ్లు పెట్టే చోట, మొన కిందికి దిగిపోయింది. “అమ్మా, రెండు దారులున్నాయి. పుట్టీ పెట్టి రంగేస్తే దసరాకి బండి తళతళలాడుతుంది. రేకు కోసి కొత్తది వేస్తే నెల పడుతుంది, ఖర్చూ ఎక్కువే” అన్నారాయన. ఇంట్లో రెండు రోజులు వాదన జరిగింది. పాత బండికి అంత పెట్టడమెందుకు, అమ్మేద్దామని కొందరు. కొన్నవాళ్ల పిల్లలు కూడా అక్కడే కాళ్లు పెడతారు కదా అన్నారు మా అత్తమ్మ. దాంతో వాదన ముగిసింది.

ముందు బ్యాటరీ తీగ తీసేశారు. సీట్లు, చాపలు, పెట్రోలు ట్యాంకు దించేశారు. తుప్పు ఉన్నంతమేరే కాక, చుట్టూ మెరిసే ఇనుము కనిపించేదాకా కోశారు. తుప్పు అంచుకి వెల్డింగ్ నిలవదట. జాకెట్టుకి కాగితం మీద కొలత గీసుకున్నట్టే అట్టముక్క మీద గీసి, రేకు కత్తిరించారు. తలుపుల కింది పట్టీ కోసే ముందు బాడీకి అడ్డంగా ఇనప కడ్డీలు ఆనించారు. లేకపోతే బాడీ కుంగి తలుపులు మూసుకోవు. వెల్డింగ్ కూడా ఒకే గీతగా లాగలేదు. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, మధ్యలో తడిగుడ్డ. వేడి ఒకేచోట చేరితే రేకు అప్పడంలా వంకర్లు పోతుంది. తర్వాత గ్రైండింగ్, రెడ్ ఆక్సైడ్, పలచగా పుట్టీ, చివర్లో రంగు. అడుగున నల్లటి అండర్‌కోటింగ్.

ఈ ఖర్చు ఇన్సూరెన్సులో రాదు. తుప్పుని ప్రమాదం కింద కాక అరుగుదల కింద లెక్కేస్తారు. పైగా 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించుకునే ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5000కి పెరిగింది. ఫ్యాక్టరీ లేదు, కొత్త రేకులు రావు. కాబట్టి పాత బండి ఉంచుకోవాలా వద్దా అన్నది ప్రేమతో పాటు లెక్క కూడా చూసుకుని తేల్చుకోవాల్సిన విషయం. ఫ్లోరూ, తలుపుల కింది పట్టీలూ, అడుగు దూలాలూ గట్టిగా ఉంటే మడ్‌గార్డులు ఎన్నయినా మార్చుకోవచ్చు. అవే పోయి, బాగుచేయించే స్తోమత లేకపోతే రంగేసి ఇంకొకరికి అంటగట్టకుండా తుక్కుకి ఇచ్చేయడమే న్యాయం.

ఉంచుకునేవాళ్లకి మాత్రం మన చేతిలో పని ఒకటుంది. వానాకాలం అయ్యాక ఒకరోజు కారు చాపలన్నీ తీసి ఎండలో వేయండి. తలుపుల అడుగు బెజ్జాల్లో చీపురుపుల్ల పెట్టి చెత్త లాగండి. గంట పని. మేస్త్రీ దగ్గర నెల రోజుల పని అలా తప్పుతుంది.